ఊరికే వచ్చిన కొత్తిమీర

"జరిగింది జరిగినట్టు చెప్తున్నానండీ బాబూ, ఇందులో ఆవగింజంత కూడా నేను కలిపింది లేదు. వినేవాళ్ళు వినండి, పల్లీలు వొలుచుకునేవాళ్ళు వొలుచుకోండి" అని మొదలుపెట్టింది సీతారత్నం.

ఢిల్లీ జనక్‌పురిలో నాలుగంతస్తుల ఫ్లాట్ల మీది డాబా అది. జనవరి నెల, ఆదివారం మధ్యాహ్నం. ఎనిమిది రోజులు పొగమంచులో మగ్గిపోయాక ఎండ వచ్చిందని ఆ బ్లాకులో జనమంతా డాబాలెక్కేశారు. ఈ డాబా మీద తెలుగువాళ్ళు ఐదుగురు. సీతారత్నం మొగుడు త్యాగరాజు సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి, పేపరు మొహం మీద కప్పుకుని నవారు మంచం మీద పడుకున్నాడు. మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న వర్షిణి, ఆదివారం పూటైనా ఇంటి తిండి దొరుకుతుందని వచ్చి, తిని, కమలాపళ్ళ మీద పడింది. కింది అంతస్తు రఘునందన్ ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయన భార్య దుర్గాంబ చాప మీద కూర్చుని, తలెత్తకుండా బఠాణీలు వొలుస్తోంది.

రఘునందన్‌కి షిల్లాంగ్ బదిలీ అయింది. రెండేళ్ళు. అక్కడ కుటుంబానికి క్వార్టరు లేదు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు. దుర్గాంబ ఒక్కతీ ఢిల్లీలో నెగ్గుకురాలేదు కాబట్టి ఫ్లాటుకి తాళం వేసి, ఆవిణ్ణి ఊరి అవతలి కొసన, యూపీలోకి వచ్చే వైశాలిలో తన అక్కగారింట్లో దింపేసి వెళ్ళాలని ఆయన నిర్ణయం. వచ్చే ఆదివారానికి టెంపో కూడా మాట్లాడేశాడు. దుర్గాంబకి ఆడపడుచు ఇంట్లో రెండేళ్ళు ఉండటం ససేమిరా ఇష్టం లేదు. ఆ మాట మొగుడితో అనలేక సీతారత్నంతో చెప్పుకుంది. "నాకొదిలెయ్యవే, డాబా మీద కూర్చోబెట్టి అయిదు నిమిషాల్లో ఒప్పించేస్తాను" అని సీతారత్నం మాటిచ్చింది. ఆ అయిదు నిమిషాలూ ఇప్పుడే మొదలయ్యాయి.

"రఘునందన్ గారూ, మీరేవన్నారు? మా ఆవిడకి బజారు తెలీదు, హిందీ రాదు, ఒక్కతీ ఉండలేదు అన్నారు. అన్నారా, లేదా?"

"అన్నాను. పంతొమ్మిదేళ్ళలో ఒక్క కొత్తిమీర కట్ట కూడా తను కొనలేదు సీతారత్నం గారూ. అన్నీ నేనే. చీటీ రాసుకుని, సంచీ పట్టుకుని, ప్రతి ఆదివారం పొద్దున్నే. ఇవాళ కూడా తెచ్చాను. టమాటా, గోబీ, బంగాళాదుంప, పది రూపాయల కొత్తిమీర..." చెప్తూ చెప్తూ ఆయన భార్య ముందున్న పళ్ళెం వైపు చూశాడు. "ఈ బఠాణీలు నా చీటీలో లేవే?"

దుర్గాంబ ఏదో అనబోయింది. సీతారత్నం ఉరిమి చూసింది. దుర్గాంబ నోరు మూసుకుని ఇంకో కాయ వొలిచింది.

"అక్కడికే వస్తున్నానండీ, తొందరపడితే ఎలా? నిన్న శనివారం కదా, అయినా మీరు చార్జి అప్పగించాలని ఆఫీసుకి పోయారు కదా, మీరు అటు మలుపు తిరిగారో లేదో నేనూ దుర్గా ఇటు కరోల్‌బాగ్‌కి బయల్దేరాం. ఎందుకు తీసుకెళ్ళాను? ఇది బజారు చేయగలదని మీకు రుజువు చెయ్యడానికి. సరే, దిగాం. దిగంగానే మొదట ఏం కొన్నామో తెలుసా? పిన్నీసులు. చీర పిన్నీసులు, ఒక్కటంటే ఒక్క అట్ట. వాడు ఇరవై అన్నాడు. నేను పది అన్నాను. వాడు పదిహేను అన్నాడు. నేనింకేమీ అనలేదండీ, వాడి వైపు అలా చూశానంతే. మాది తణుకు. మా అమ్మ సంతలో అలాగే చూసేది. వాడు పదికిచ్చి, పైన రెండు జడక్లిప్పులు వేసి, 'మాతాజీ, ఇంకెప్పుడూ ఇరవై అనను' అని చెవులు పట్టుకున్నాడు."

"ఇంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు త్యాగరాజు పేపరు కిందనుంచి.

"మిమ్మల్నెవరడిగారు? పడుకోండి. వర్షిణీ, నువ్వు విను. ఆ పక్కన గోల్‌గప్పా బండి, అదే మన పానీపూరీ. చలికాలం ఎండలో నిలబడి, పుల్లటి నీళ్ళు గొంతులోకి జారుతుంటే ఉంటుంది చూడు, ఆ సుఖం ఏ మంత్రిగారికీ ఉండదు. రెండు దొన్నెలు తీసుకున్నాం. ఇది ఒక్కటి నోట్లో పెట్టుకుందో లేదో కళ్ళ నీళ్ళు పెట్టేసుకుంది, కారం అని."

"చూశారా" అన్నాడు రఘునందన్. "తనకి బయట తిండి పడదు."

"పడకపోతే పడకపోయింది, నేను లేనూ? నేను పన్నెండు తిన్నాను. పన్నెండు ఎవరైనా తింటారు. పదమూడోది నోట్లో వేసుకునేసరికి వాడు నా మొహంలోకి చూశాడు. ఇరవై అయ్యేసరికి పక్కన నలుగురు ఆగారు. నలభై అయ్యేసరికి వాడి చెయ్యి నొప్పెట్టి బావమరిదిని పిలిచాడు. బావమరిది ఒక డెబ్భై దాకా లాగాడు పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుండలో పుల్లనీళ్ళు అయిపోయాయి! ఎదురు బండివాడి కుండ తెచ్చారు. అదీ అయిపోయింది. స్కూలు బస్సొకటి ఆగిపోయి, పిల్లలంతా కిటికీల్లోంచి 'ఆంటీ జీ, ఆంటీ జీ' అని కేకలు. చివరికి ఆ బండివాడు మెడలో మఫ్లర్ తీసి నా మెడలో వేసి, 'ఇరవయ్యేళ్ళుగా ఈ బండి నడుపుతున్నాను, ఇవాళ్టికి నా పొయ్యి ఆర్పించారు' అని దణ్ణం పెట్టాడు. లెక్క అడక్కండి, లెక్కపెట్టేవాడు మధ్యలోనే కూలబడ్డాడు."

వర్షిణి కమలాతొన పొలమారి దగ్గింది. "ఆంటీ, అసలు రాత్రి మీకు కడుపు..."

"కడుపుకేం, గుండ్రాయిలా ఉంది. రాత్రి రెండు చపాతీలు కూడా తిన్నాను."

"మరి దుర్గాంబ ఆంటీ ఏం చేశారో చెప్పండి. అంకుల్‌కి అది కదా కావాలి" అంది వర్షిణి, రఘునందన్ వైపు కళ్ళతో చూపిస్తూ.

"ఆఁ ఆఁ, అదే చెప్తున్నా. దుర్గా గాజుల కొట్టు ముందు ఆగింది. ఎర్రగాజులు కావాలంది. మనసులో అంది, పైకి అనలేదు. ఇదెప్పుడు పైకి అంది గనక? నాకర్థమైపోయి నేనే లోపలికి తీసుకెళ్ళాను. కొట్టువాడు నా చేతికి గాజు తొడుగుతూ, 'ఈ చేతికి సరిపడే గాజు ఈ ఊళ్ళో చెయ్యలేదు, ఫిరోజాబాద్ నుంచి తెప్పించాలి' అన్నాడు. తెప్పించు అన్నాను. వాడు ఫోన్ చేశాడండీ! మేం టీ తాగి వచ్చేసరికి గాజులు వచ్చేశాయి."

"ఫిరోజాబాద్ నుంచి టీ తాగేలోపలా?" అన్నాడు రఘునందన్.

"ఎక్స్‌ప్రెస్ వే వేశారు కదండీ. మీరు ఆఫీసులో కూర్చుంటారు, మీకేం తెలుస్తుంది? అది కాదు అసలు సంగతి. అసలు సంగతి శాలువా దగ్గర జరిగింది. ఫుట్‌పాత్ మీద శాలువాల గుట్ట పోసుకుని ఒకడు, ఒక్కోటి ఎనిమిదొందలని, 'ఆఠ్ సౌ, ఆఠ్ సౌ' అని అరుస్తున్నాడు. నేను నడుస్తూ నడుస్తూనే, రెండొందలేనని, 'దో సౌ' అన్నాను. గట్టిగా కూడా అనలేదు, మామూలుగా. వాడు అరుపు ఆపేశాడు. వాడి పక్కవాడు స్వెటర్లు అమ్ముకుంటున్నాడు, నేను వాణ్ణి అడగనే లేదు, వాడే 'లీజియే, దో సౌ' అన్నాడు. ఆ పక్కవాడు చెప్పులు అమ్ముకునేవాడు, వాడూ దో సౌ. అలా ఒకడి తర్వాత ఒకడు రోడ్డు చివరిదాకా ధరలు పడిపోతున్నాయి! నగల కొట్టువాడు షట్టర్ దించేశాడు, భయంతో. అయిదు నిమిషాలకి మార్కెట్ సంఘం వాళ్ళు బంతిపూల దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, 'మాతాజీ, మీరు కూర్చోండి, లస్సీ తాగండి, నోరు మాత్రం తెరవకండి' అని బతిమాలారు. సాయంత్రానికి చాందినీ చౌక్‌లో కూడా ధరలు తగ్గాయని విన్నాను."

"ఆ శాలువా ఏదే?" అన్నాడు త్యాగరాజు.

"దానం చేసేశాను. అడుగుతారని తెలుసు."

"ఇంతకీ నా భార్య ఎక్కడుంది అప్పుడు?" అన్నాడు రఘునందన్.

"నా వెనకాలే ఉందండీ, నా కొంగు పట్టుకుని. నేను వదిలితే తప్పిపోదూ? నేను లస్సీ తాగుతున్నంతసేపూ అలా నిలబడే ఉంది పిచ్చిది."

రఘునందన్ తల పంకించాడు. దుర్గాంబ చేతిలోని బఠాణీ కాయ చిట్లి గింజలు చాప మీద దొర్లాయి. వర్షిణి నుదురు కొట్టుకుంది. ఈవిడ దుర్గాంబ తరఫున మాట్లాడుతోందో, రఘునందన్ తరఫున మాట్లాడుతోందో ఆ పిల్లకి అర్థం కాలేదు. సీతారత్నానికి మాత్రం ఇవేమీ పట్టలేదు. గొంతు వేడెక్కింది, కొంగు నడుముకి చుట్టింది.

"అప్పుడొచ్చిందండీ ఎద్దు!"

"ఏ ఎద్దు?" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"ఏ ఎద్దేవిటి, ఎద్దే. నల్లది. మూపురం ఈ నీళ్ళ ట్యాంకంత ఉంది. సందులోకి జొరబడింది, జనం చెల్లాచెదురు. ఒకడు దీపస్తంభం ఎక్కాడు. శాలువాలవాడు శాలువాల్లో దూరిపోయాడు. దుర్గా నా వీపుకి అతుక్కుపోయి 'అక్కయ్యా, ఇంటికెళ్ళిపోదాం' అని ఏడుపు. నేను కదలలేదు. నా సంచీలో క్యారెట్లున్నాయి. ఈ ఢిల్లీ ఎర్ర క్యారెట్లు, హల్వాకని కొన్నవి. ఒకటి తీసి చూపించాను. అది రెండు కావాలన్నట్టు తలాడించింది. నేను ఒకటే అన్నాను. అది కాలు దువ్వింది. నేను చూశాను, అదే చూపు, మా అమ్మ చూపు. అది తలొంచుకుని ఒక్క క్యారెట్ తిని, ఆ తర్వాత ఏమైందో తెలుసా? వచ్చి నా పక్కన నిలబడి వీపు వొంచింది! సంచులు పెట్టుకోమని. పెట్టాం. మెట్రో స్టేషను దాకా మోసింది. అక్కడ సెక్యూరిటీ ఆయన 'సామాను మెషీన్లో పెట్టండి' అన్నాడు. ఎద్దుని కూడా పెట్టమంటారా అని అడిగాను. ఆయన నవ్వాపుకోలేక సెల్యూట్ కొట్టి మమ్మల్ని పక్క దారిన పంపించేశాడు. ఎద్దు గేటు దాకా వచ్చి, మేం కనబడినంతసేపూ నిలబడి వెళ్ళిపోయింది. పాపం, దానికీ మనసొప్పలేదు."

త్యాగరాజు పేపరు తీసేసి లేచి కూర్చున్నాడు. పెళ్ళాం కోతలు ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నాడుగానీ, ఎద్దు రావడం ఇదే మొదలు.

"ఇంక రైలు సంగతి వినండి. ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి రైలు కదలబోతోంది. డ్రైవరు నన్ను చూసి ఆపేశాడు. గోల్‌గప్పా కబురు అప్పటికే స్టేషనుకి చేరిపోయింది మరి. లేడీస్ బోగీలో అంతా లేచి చోటిచ్చారు. మైకులో తెలుగులో చెప్పారండీ, 'తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి, సీతారత్నం గారు జాగ్రత్త' అని. ఒక్క స్టేషన్లో ఆగలేదు. పటేల్ నగర్ లేదు, కీర్తి నగర్ లేదు, రయ్యిమని జనక్‌పురి. ఎంతసేపో తెలుసా? ఆరు నిమిషాలు! అయిదున్నరకల్లా ఇంట్లో కాళ్ళు కడుక్కున్నాం."

"అయిదున్నరకా?" అన్నాడు త్యాగరాజు. "నువ్వు ఇంటికొచ్చింది ఎనిమిదింటికి కదే. అప్పటిదాకా దుర్గాంబ గారింట్లో కూర్చున్నానన్నావు."

"మా ఇంట్లోనా?" అన్నాడు రఘునందన్. "నేను ఏడింటికి వచ్చేసరికి తాళం వేసి ఉంది. మీ ఇంట్లో కూర్చున్నానని తను చెప్పింది."

ఇద్దరు మొగుళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సీతారత్నం పల్లీ తొక్కలు ఊడ్చి కాగితంలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

"సరే, అది వదిలెయ్యండి" అన్నాడు రఘునందన్ చివరికి, ఫోను బయటికి తీస్తూ. "మీరు చెప్పిందాంట్లో సగం తీసేసినా నాకొకటి తేలిపోయింది సీతారత్నం గారూ. మీలాంటి మనిషి పక్కనున్నా మా ఆవిడ బజార్లో కొంగు పట్టుకుని ఏడ్చిందన్నమాట. ఇంక ఒక్కతీ ఎలా ఉంటుంది? టెంపో వాణ్ణి ఆదివారం కాదు, శనివారమే రమ్మంటాను. మా అక్కయ్య కూడా ఎదురుచూస్తోంది."

సీతారత్నం చేతిలో కాగితం జారిపోయింది. ఆవిడ మొహం చూస్తే జాలేసింది. ఇన్ని కోతలు కోసి, చెప్పాల్సిన ఒక్క ముక్కా చెప్పలేదని అప్పుడు తెలిసొచ్చింది. "అది కాదండీ, నా ఉద్దేశం..." అని ఆగిపోయింది.

దుర్గాంబ పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అక్కయ్యా, నువ్వు నా చేత ఒట్టేయించుకున్నావు. నిన్నటినుంచీ నోరు మూసుకునే ఉన్నాను. ఇంక నావల్ల కాదు, ఏమనుకోకు." మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, ఫోను కాస్త పక్కన పెట్టండి. ఆ రైలు జనక్‌పురి రాలేదు. వైశాలి వెళ్ళింది."

"ఏ వైశాలి?"

"మీ అక్కయ్యగారి వైశాలే. ఈ అక్కయ్య అటు ప్లాట్‌ఫారం బదులు ఇటు ప్లాట్‌ఫారం ఎక్కింది. రైలు మీద వైశాలి అని రాసుంది, చూపించాను. 'అది నిన్నటి బోర్డే, మార్చడం మర్చిపోయారు, ఎక్కు' అంది. ఎక్కాం. కూర్చోగానే నిద్రపోయింది. మిగతాదంతా అబద్ధం గానీ గోల్‌గప్పాలు మాత్రం పదహారు తింది పాపం, ఆయాసం కదా. రాజీవ్ చౌక్ వచ్చిందక్కయ్యా అని లేపాను. 'ముప్ఫయ్యేళ్ళుగా ఢిల్లీలో ఉన్నాను, నాకు చెప్తావా' అంది కళ్ళు తెరవకుండా. కాసేపటికి యమున వచ్చింది. జనక్‌పురి దారిలో యమున ఎక్కడిదక్కయ్యా అని మళ్ళీ లేపాను. 'చలికాలం కదా, నీళ్ళు ఇటు తిరుగుతాయి' అని మళ్ళీ పడుకుంది."

వర్షిణి చాప మీద పడి దొర్లింది. త్యాగరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వితే ఇంట్లో ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి పైకి నవ్వలేదు.

"తప్పు రైలని తెలిసి నువ్వెందుకు దిగలేదు?" అన్నాడు రఘునందన్.

"దిగొచ్చు. దిగబుద్ధి కాలేదు." అంది దుర్గాంబ. "పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఎక్కడికెళ్ళినా మీ వెనకాలే వెళ్ళాను, మీరు ఎటు చూడమంటే అటు చూశాను. నిన్న కిటికీలోంచి నీళ్ళ మీద ఎర్రటి ఎండ పడుతుంటే, నా చేతికి కొత్తగాజులుంటే, ఒళ్ళో వేయించిన పల్లీల పొట్లం వెచ్చగా ఉంటే, ఈ రైలు ఎందాకా వెళ్తుందో చూద్దామనిపించింది. భయం వెయ్యలేదండీ. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను."

రఘునందన్ ఆవిడ చేతుల వైపు చూశాడు. ఎర్రగాజులు. పొద్దుటినుంచీ ఉన్నాయి, ఆయన ఇప్పుడే చూశాడు.

"వైశాలిలో దిగాం. అక్కయ్య లేచి, జనక్‌పురి అనుకుని, టకటకా మెట్లు దిగి బయటికి వచ్చేసి, ఈ-రిక్షా వాణ్ణి మన సీ బ్లాక్‌కి ఇరవైకి బేరమాడింది. వాడు 'ఆంటీ జీ, యే యూపీ హై' అన్నాడు, ఇది ఢిల్లీ కాదని. సొంత పేట తెలీదు వీడికి అని వాణ్ణి తిట్టి, ఇంకోణ్ణి అడిగింది. వాడూ అదే అన్నాడు. మూడోవాడూ అదే అన్నాడు. అప్పుడు బోర్డు చదువుకుని మెట్ల మీద కూలబడింది. ఫోన్లో చార్జింగ్ లేదు. నా ఫోను ఎప్పట్లాగే ఇంట్లో ఉంది. 'ఇంత వయసొచ్చి రాష్ట్రం దాటి తప్పిపోయానని మా ఆయనకి తెలిస్తే బతకనివ్వడే' అని ఒకటే ఏడుపు. టీ తెచ్చి తాగించాను. అక్కడే బండి మీద బఠాణీలు తాజాగా ఉంటే కొన్నాను. ఇవే అవి. మీ అక్కయ్యగారి ఇల్లు రెండు నిమిషాల నడక. ఆ బిల్డింగు కనిపిస్తూనే ఉంది. వెళ్ళలేదు. ఈ అక్కయ్యని చెయ్యి పట్టుకుని లేవదీసి, ఇటువైపు వచ్చే ద్వారకా రైలెక్కించి, జనక్‌పురిలో దింపి, ఇంటికి తీసుకొచ్చాను."

"హిందీ?" అన్నాడు రఘునందన్. "నీకు హిందీ రాదు కదా? ఎవరైనా అడిగితే నా వైపు చూస్తావు కదా?"

"మీరు నాకంటే ముందే జవాబు చెప్పేస్తారు. ఇంక నేనెప్పుడు చెప్పేది? పంతొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా టీవీలో హిందీ సీరియళ్ళు చూస్తున్నాను. రాకుండా ఎలా ఉంటుంది?"

రఘునందన్ నమ్మలేదు. నమ్మలేదని మొహం మీదే రాసి ఉంది. సరిగ్గా అప్పుడే కింద వీధిలోంచి కూరగాయల బండివాడి కేక వినబడింది. "మటర్ లే లో, పాలక్ లే లో, తాజీ మూలీ లే లో..."

దుర్గాంబ లేచింది. పిట్టగోడకి కట్టి ఉన్న తాడూ బుట్టా విప్పింది. అది అన్ని అంతస్తులవాళ్ళూ వాడుకునేదేగానీ, ఆవిడ చేతిలో ఎవరూ ఎప్పుడూ చూసింది లేదు. గోడ మీంచి వొంగింది.

"ఓ భయ్యా! రుకో! పాలక్ కైసే దియా?"

కింద బండివాడు తల పైకెత్తాడు. నాలుగో అంతస్తు పైనుంచి కొత్తగొంతు. "చాలీస్ కా కిలో, ఆంటీ జీ!" అన్నాడు వాడు, కిలో నలభై అని.

దుర్గాంబ గుండె మీద చెయ్యి వేసుకుంది. సీరియల్లో అత్తగారు కొత్తకోడల్ని నిలదీసే గొంతు బయటికి వచ్చింది. "చాలీస్? ఇస్ ఘర్ మే యే అన్యాయ్ హమ్ నహీ సహేంగే!"

ఈ ఇంట్లో ఈ అన్యాయం మేం సహించమన్న ఆ డైలాగు వీధంతా వినబడింది. పక్క డాబా మీద స్వెటర్ అల్లుకుంటున్న పంజాబీ ఆవిడ సూదులు ఆపేసింది. బండివాడు విరగబడి నవ్వాడు. "తీస్ దే దో, ఆంటీ జీ, తీస్! ఆప్ సే కౌన్ లడే!" అని ముప్ఫైకి దిగాడు.

"ఠీక్ హై. ఏక్ కిలో. ఔర్ సునో, ధనియా మిర్చి డాల్ దేనా!"

బుట్ట దిగింది, బుట్ట ఎక్కింది. దుర్గాంబ దాన్ని మొగుడి ఒళ్ళో పెట్టింది. పాలకూర, పైన గుప్పెడు పచ్చిమిరపకాయలు, వాటి పైన ఇంత లావు కొత్తిమీర కట్ట.

రఘునందన్ ఆ కట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొద్దున తాను పది రూపాయలు పెట్టి కొన్నదానికంటే పెద్దది. "దీనికెంత?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేనండీ. ఢిల్లీలో కూరలు కొంటే కొత్తిమీరా మిరపకాయలూ అడిగితే ఊరికే వేస్తారు. అందరికీ వేస్తారు. మీరెప్పుడూ అడగలేదా?"

రఘునందన్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పంతొమ్మిదేళ్ళు. ఆదివారం ఆదివారం. చీటీలో చివరి వరస ఎప్పుడూ అదే, పది రూపాయల కొత్తిమీర. ఆయన పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నాడు కాబోలు, మధ్యలో ఆపేశాడు. చివరికి నవ్వాడు. మొదట కొంచెం, తర్వాత పొట్ట పట్టుకుని.

"షిల్లాంగ్‌లో కొత్తిమీర ఎలా కొనాలో ఆవిణ్ణి అడిగి చీటీ రాసుకెళ్ళండి" అన్నాడు త్యాగరాజు.

"రాసుకెళ్తాను లెండి." రఘునందన్ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హలో, భయ్యా, సండే కా టెంపో బోలా థా నా, జనక్‌పురి సే... హాఁ హాఁ, వైశాలీ వాలా... నహీ, నహీ, ఆనా మత్. మేడమ్ యహీ రహేంగీ." మేడమ్ ఇక్కడే ఉంటారని చెప్పేశాడు.

దుర్గాంబ గోడ వైపు తిరిగి నిలబడి తాడు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే మళ్ళీ చుట్టింది. వర్షిణి వెళ్ళి ఆవిణ్ణి వెనకనుంచి వాటేసుకుంది.

ఇదంతా అయ్యేవరకూ సీతారత్నం నోరు మెదపలేదు, అది ఆ డాబా మీద ఎప్పుడూ జరగనిది. కానీ టెంపో రద్దైన మాట చెవిన పడగానే ఆవిడ మొహం చేటంతైంది. కొంగు మళ్ళీ నడుముకి చుట్టింది.

"చూశారా! అయిదు నిమిషాల్లో ఒప్పిస్తానన్నానా లేదా? నేను కావాలనే అలా చెప్పానండీ, దానికి రోషం రావాలని! కావాలనే తప్పు రైలెక్కాను! అసలు ఆ ధనియా మిర్చి అడగడం దీనికి నేర్పిందెవరనుకున్నారు? వైశాలి స్టేషను బయట, ఆ బండి దగ్గర, ఇలా పక్కన నిలబడి, చెవిలో నేనే..."

దుర్గాంబ బుట్ట గోడకి తగిలించి వచ్చి, సీతారత్నం పక్కనే చాప మీద కూర్చుంది. వొలిచిన బఠాణీలు ఇన్ని తీసి ఆవిడ చేతిలో పోసింది.

"అప్పుడు నువ్వు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నావు కదా అక్కయ్యా" అంది.